ఎవరి అరుగు మీదో ఎన్నాళ్లు? మన మాటకి మన జాగా కావాలి

1991 ఆగస్టు 6. ఈ తేదీ చెబితే మన పేటల్లో పెద్దోళ్లకి చుండూరు గుర్తొస్తుంది. ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసిన రోజది. సరిగ్గా అదే రోజున, జెనీవా దగ్గరున్న సెర్న్ అనే సైన్సు పరిశోధనా కేంద్రంలో పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన తాను తయారుచేసిన వరల్డ్ వైడ్ వెబ్ గురించి బయటి ప్రపంచానికి బహిరంగంగా చెప్పాడు. కావలసినవాళ్లు వచ్చి వాడుకోండి, కలిసి పనిచెయ్యండి అన్నాడు. ఆ ఏడాదే కంప్యూటర్లు అక్షరాల్ని గుర్తుపట్టే పట్టిక, యూనికోడ్, మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగు అక్షరాలకీ చోటు దొరికింది.

చుండూరుకీ వెబ్బుకీ సంబంధం లేదు. తేదీలు కలిశాయంతే. కానీ ఆ తేదీ మనల్ని ఒక లెక్క అడుగుతోంది. ఇన్నేళ్లలో ఆ వెబ్బులో మనం మన గురించి ఎంత రాసిపెట్టుకున్నాం? చుండూరు అని కొట్టి చూడండి. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసిందనీ, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసిందనీ వార్తలు దొరుకుతాయి. ఇప్పుడు కాట్రేనికోన అని కొట్టి చూడండి. జనాభా లెక్కలు, పిన్‌కోడు, కొబ్బరి తోటల ఫోటోలు వస్తాయి. పేట తన గురించి తాను చెప్పుకున్న మాట కోసం మాత్రం భూతద్దం పట్టుకు వెతకాలి.

అందుకే నేననేది ఒకటే. ప్రతి పేట సంఘానికీ సొంత వెబ్‌సైటు ఉండాలి. అది సంఘం పేరున, సంఘం చేతిలో ఉండాలి. ఇదేదో ఇంజనీర్ల పని అనుకుని కూర్చోవద్దు. ఇంటర్ చదివిన కుర్రోడో, అమ్మాయో వారం పది రోజులు కూర్చుంటే అయ్యే పని.

అరుగు వేరు, జాగా వేరు

"వాట్సాప్ గ్రూపు ఉంది కదండీ, ఫేస్‌బుక్ ఉంది కదండీ, మళ్లీ వెబ్‌సైటు ఎందుకండీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. అవి వాడొద్దని ఎవరూ అనడం లేదు. మీటింగు కబురు పంపడానికి వాట్సాప్‌ని మించింది లేదు. కానీ అది ఎవరి అరుగు? వాళ్ల అరుగు మీద కూర్చున్నంతసేపూ వాళ్లు లేవమంటే లేవాలి. పదిమంది కూడబలుక్కుని ఫిర్యాదు కొడితే మన పేజీ మూతపడొచ్చు. గ్రూపులో మూడేళ్ల కింద పెట్టిన ఫోటో ఇప్పుడు కావాలంటే ఎవరి దగ్గరుంటుంది? ఫోను మారింది, పోయింది, నిండిపోయిందని ఎవరో చెరిపేశారు. కరపత్రం చెదలు తింటే కనీసం ముక్క మిగిలేది. ఇక్కడ ముక్క కూడా మిగలదు.

ఇది ఉత్త భయం కాదు, జరిగిన కథ. అమెరికాలో 1994లో జియోసిటీస్ అని ఒకటి మొదలైంది. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకోవచ్చు అన్నారు. లక్షలాది మంది సామాన్యులు తమ మొదటి పేజీలు అక్కడే కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొనేసింది. 2009 అక్టోబరులో మూసేసింది. ఎవరో కొందరు స్వచ్ఛందంగా పూనుకుని కాపీలు తీసిపెట్టారు కాబట్టి కొంత మిగిలింది. లేకపోతే మొత్తం గోదాట్లో కలిసిపోయేది. పట్టా లేని జాగాలో ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో కోనసీమ లంకల్లో బతికే మనకి ఇంకొకడు చెప్పాలా?

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టారు. డబ్బిస్తాం, పత్రిక వస్తోందని ప్రకటన వెయ్యండి అని అడిగితే ఆనాటి కేసరి పత్రిక వెయ్యనంది. డబ్బు తీసుకుని కూడా మన మాట వెయ్యనన్న రోజులు! ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. ఆ పత్రిక ఆగితే 1927లో బహిష్కృత భారత్ పెట్టారు. రాసేవాళ్లు లేకపోతే తానొక్కడే కూర్చుని కాలాలకి కాలాలు నింపారు. ఆ తర్వాత జనత, ఆ తర్వాత ప్రబుద్ధ భారత్. ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు పెట్టారు? పక్కవాడి పత్రికలో మూలన నాలుగు లైన్ల కోసం బతిమాలుకునే జాతి తన చరిత్ర తాను రాసుకోలేదని ఆయనకి తెలుసు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన కాట్రేనికోన మండలం కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం గారినే తీసుకోండి. కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకుని వచ్చిన మనిషి. ఆయన కవిత్వం రాశారు, కులం-వర్గం గురించి రాశారు. కానీ పేటల్లో చేతులు మారి మారి నలిగిన పుస్తకం ఏది? "పోలీసులు అరెస్టు చేస్తే". ప్లీడర్ల గుమ్మం ముందు నిలబడితే తప్ప తెలియని సంగతుల్ని మామూలు తెలుగులో, మామూలు మనిషి చేతిలో పెట్టారు. పోలీసోడు వస్తే ఏం అడగాలి, ఏం చెయ్యాలి, అంతే. విద్యని దాచుకున్నవాళ్ల దగ్గర్నుంచి తెచ్చి జనానికి పంచడమంటే అది. ఈ వెబ్‌సైటు పని కూడా ఆ దారిలోదే.

సర్వర్ అంటే గర్భగుడి కాదు

సర్వర్, డొమైన్, హోస్టింగ్. ఈ మాటలు వినగానే మనవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. కొన్ని మాటలు పుట్టించేదే మనల్ని దూరంగా నిలబెట్టడానికి అనిపిస్తుంది. విప్పి చూస్తే లోపల ఏమీ లేదు.

సర్వర్ అంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిచే ఒక కంప్యూటరు. ఎవరైనా ఫలానా పేజీ కావాలి అని అడిగితే తీసి ఇస్తుంది. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఆ బెర్నర్స్-లీ బల్ల మీది కంప్యూటరే. ఎవరైనా తెలియక స్విచ్చి కట్టేస్తారేమోనని, ఇది సర్వర్, ఆపొద్దు అని ఎర్ర సిరాతో చేత్తో రాసి దాని మీద అంటించాడు. అంతే దాని మహత్యం. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్ విద్యని ఎవరికీ రుసుము కట్టక్కర్లేకుండా అందరికీ వదిలేసింది. కాబట్టి పేజీ రాసుకోవడానికి ఏ పెద్దమనిషి అనుమతీ అక్కర్లేదు.

హోస్టింగ్ అంటే అలాంటి సర్వర్‌లో మన కాగితాలు పెట్టుకోవడానికి ఒక అర అద్దెకి తీసుకోవడం. డొమైన్ అంటే మన పేరు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి నంబర్లతో గుర్తుపడతాయి. మనం నంబర్లు గుర్తుపెట్టుకోలేం కాబట్టి ఒక పేరు రిజిస్టరు చేయించుకుంటాం. ఆ పేరు కొడితే ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే పట్టిక ఒకటుంటుంది. పేట పేరు చెబితే పోస్టుమాన్ ఇంటికి తీసుకొచ్చినట్టు.

ఇప్పుడు పని. మొదట ఒక పేజీ రాయాలి. కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ చాలు. హెచ్‌టీఎంఎల్ అనేది భాష అంటారు గానీ, నిజానికి కొన్ని గుర్తులు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫోటో, ఇక్కడ నొక్కితే ఇంకో పేజీకి పోతుంది అని చెప్పే గుర్తులు. మొదటి సైటుకి ఓ పది గుర్తులు వస్తే చాలు. కరపత్రం రాసినట్టే రాసి, ప్రతి ముక్కకీ ముందు ఒక గుర్తు, వెనక మూసే గుర్తు పెట్టడమే. ఫోటో లాంటి ఒకటి రెండు గుర్తులకి ఆ మూత కూడా అక్కర్లేదు. మొదటి పేజీకి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో పేరు పెట్టాలి. సర్వర్ మామూలుగా ముందు వెతికేది ఆ పేరునే. దాన్ని మన కంప్యూటర్‌లోనే బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవచ్చు. నెట్ కూడా అక్కర్లేదు. బాగుందనుకున్నాక సర్వర్‌కి ఎక్కించాలి.

ఎక్కించడానికి ఫైల్‌జిల్లా లాంటి ఉచిత సాధనాలున్నాయి. హోస్టింగ్ వాళ్లు సర్వర్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. అవి కొడితే తెర మీద ఎడంపక్క మన కంప్యూటరు, కుడిపక్క సర్వరు కనిపిస్తాయి. ఇటునుంచి అటు లాగి వదిలితే ఫైలు ఎక్కుతుంది. చాలాచోట్ల పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరులో వెయ్యాలి. దాని బయట వేస్తే ఎవరికీ కనపడదు. డబ్బు బొత్తిగా లేని సంఘాలు గిట్‌హబ్ పేజెస్, నియోసిటీస్ లాంటి చోట్ల మామూలు పేజీలు ఉచితంగా పెట్టి చెయ్యి తిప్పుకోవచ్చు. అదీ అద్దె అరుగే. కానీ పేరు మనదై, కాపీ మన దగ్గరుంటే, రేపు అక్కడినుంచి లేపినా అదే పేరుతో ఇంకోచోట దిగిపోవచ్చు.

కొత్తవాళ్లు ఎక్కడ చిక్కుకుంటారో కూడా చెప్పుకుందాం. ఎక్కువమంది వదిలేసి పోయేది అక్కడే.

ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నా పెద్దా తేడా. మన కంప్యూటరు సర్దుకుపోతుంది. చాలా సర్వర్లు సర్దుకోవు. ఫైలు పేరు పెద్ద అక్షరంతో ఉండి, పేజీలో చిన్న అక్షరంతో రాస్తే ఫోటో రాదు. అన్నీ చిన్న అక్షరాలే పెట్టండి, మధ్యలో ఖాళీలు వదలొద్దు.

రెండు, ఫోటో దారి. పేజీలో ఫోటో మన కంప్యూటర్ సీ డ్రైవ్‌లో ఉందని రాస్తే మనకి కనిపిస్తుంది, కువైట్‌లో ఉన్న అక్కకి కనిపించదు. ఆమె మన సీ డ్రైవ్‌లోకి ఎలా వస్తుంది? ఫోటోని పేజీ పక్కనే పెట్టి, ఆ దారి రాయాలి.

మూడు, ఫోటో బరువు. ఫోనుతో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. దాన్ని 200 కేబీకి కుదించి పెట్టండి. ఉప్పుటేరు పక్క ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నవాడు కూడా చూడగలగాలి.

నాలుగు, తెలుగు. ఇది మన ఉద్యమ పత్రికలకి పెద్ద తలనొప్పి. ఏళ్ల తరబడి మన కరపత్రాలు, సంచికలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు అయ్యాయి. అచ్చులో చక్కగా ఉంటాయి. తీసుకొచ్చి నెట్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఎందుకంటే అవి లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు తొడుక్కున్నవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మార్చాక మాత్రం ఒత్తులూ సున్నాలూ ఒకరు కూర్చుని సరిచూడాలి. పేజీ పైభాగంలో యూటీఎఫ్-8 అని ఒక లైను రాయడం మరవొద్దు. ఇది చేసిపెడితే వెతికినవాడికి మన మాట తెలుగులోనే దొరుకుతుంది. ఫోటో తీసి పెట్టిన కరపత్రాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

ఐదు, తొందర. పేరు కొన్నాక అది అందరికీ తెరుచుకోవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. మార్చిన పేజీ మారలేదని కంగారు పడకండి, బ్రౌజరు పాత కాపీ దాచుకుని చూపిస్తుండొచ్చు.

ఏం పెడదాం?

దండేసిన నాయకుడి ఫోటో, కింద సుస్వాగతం. ఇలాంటి సైట్లు చాలా చూశాం. ఆరు నెలల తర్వాత ఎవరూ రారు. సైటు పనికిరావాలి, అప్పుడే బతుకుతుంది.

అత్యాచార నిరోధక చట్టం గురించి ఒక పేజీ ఉండాలి. 1989 చట్టం కింద కేసు కడితే, 1995 రూల్సులో 7వ రూలు ప్రకారం డీఎస్పీ హోదాకి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి, 60 రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. అర్ధరాత్రి స్టేషను ముందు నిలబడ్డ కుర్రోడికి ఈ రెండు ముక్కలు ఫోనులో తెలుగులో కనపడితే మాట గట్టిపడుతుంది.

దింపు కూలి, వలుపు కూలి ఏ ఏడాది ఎంతకి ఒప్పుకున్నారో తేదీతో సహా పెట్టండి. వచ్చే ఏడు రైతు కాదంటే చూపించడానికి ఉంటుంది. శ్మశానం జాగా ఏ సర్వే నంబరులో ఎంతుందో పెట్టండి. బడి ఎప్పుడొచ్చింది, కమ్యూనిటీ హాలు ఎలా వచ్చింది, విగ్రహం ఎవరు చందాలేసి పెట్టారు, పెద్దోళ్లని అడిగి రాయండి. చదువురాని అమ్మమ్మ చెప్పిన మాట ఫోనులో రికార్డు చేసి అలాగే పెట్టండి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఏం జరిగిందో చెప్పగల మనుషులు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. వాళ్లతోపాటు ఆ రాత్రి కూడా పోతుంది.

ఇది మగపిల్లల ఆటగా మారకుండా చూడాలి. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో దళిత, ఆదివాసీ, ముస్లిం ఆడవాళ్లు కలిసి ఖబర్ లహరియా అనే పత్రిక మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది అంతకుముందు కలం ముట్టనివాళ్లే. తర్వాత వాళ్లే కాగితం నుంచి నెట్‌కి మారారు. వాళ్ల చేత అయింది మన ఆడపిల్లల చేత కాదా?

ఇక పెట్టకూడనివి. లైంగిక దాడికి గురైన ఆడమనిషి పేరు, ఫోటో, ఆనవాలు ఏదీ పెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా ఉంది. సాక్షుల ఫోన్ నంబర్లు, ఎవరి ఆధార్ కాగితాలూ పెట్టొద్దు. మనం మంచికే పెడతాం, ఎదుటివాడు దాన్నే పట్టుకుని ఇంటి మీదికి పోతాడు. నిజం నిర్ధారించుకోకుండా పేర్లు రాయొద్దు. మన మీద గెలవడానికి వాళ్లకి మన అబద్ధం ఒక్కటి చాలు.

తాళం ఎవరి దగ్గర?

అసలు ప్రమాదం సర్వర్ దగ్గర లేదు. సంఘంలోనే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక కుర్రోడు ఉత్సాహంగా సైటు చేస్తాడు. పేరు తన ఈమెయిలు మీద, తన కార్డుతో కొంటాడు. రెండేళ్లకి ఉద్యోగం మారతాడు, పెళ్లవుతుంది, లేకపోతే సంఘంలో మాటా మాటా వస్తుంది. పేరుకి ఏటేటా కట్టాల్సిన డబ్బు కట్టడు. గడువు దాటితే ఆ పేరు ఇంకెవడైనా కొనుక్కోవచ్చు. మన పేట పేరు మీద జూదం ప్రకటనలు వస్తుంటే చూస్తూ కూర్చోవాలి.

కాబట్టి పేరు సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో కొనాలి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఇద్దరి దగ్గర ఉంచాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి, ఒకరు ఊళ్లోనే ఉండే మనిషి అయితే మంచిది. గడువు తేదీ మినిట్స్ పుస్తకంలో రాయాలి. పేరుకి ఏడాదికి కొన్ని వందల రూపాయలవుతుంది. మొదటి ఏడు చవకని చెప్పి రెండో ఏడు పెంచుతారు, కొనేముందే రెండో ఏటి రేటు అడగండి. సైటు మొత్తం కాపీ పెన్‌డ్రైవులో ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి నెట్ పేజీల కాపీలు దాస్తోంది. మన పేజీని అక్కడ ఎవరైనా ఉచితంగా దాయించొచ్చు. చెయ్యండి.

కాగితాన్ని కూడా వదలొద్దు. 2022 మే 24న, కొత్త జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టిన తర్వాత ఇక్కడ మొబైల్ నెట్ రోజుల తరబడి ఆపేశారు. మనం నోరు తెరవాల్సిన రోజునే మన చేతిలో ఫోను రాయైపోయింది. అందుకే సైటులో పెట్టిన ముఖ్యమైన ప్రతి పేజీనీ ప్రింటు తీసి అంబేడ్కర్ బొమ్మ దగ్గర బోర్డుకి అంటించండి. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి. అదే జిల్లాకి ఇవాళ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ఉంది. పేరు వచ్చింది, ఇక ఆ పేరు కింద మన రాత ఉండాలి.

వెబ్‌సైటు పెడితే భూమి వచ్చేస్తుందా, దెబ్బలు ఆగుతాయా అని అడిగే పెద్దలున్నారు. రాదు, ఆగవు. వాటికి రోడ్డెక్కాల్సిందే, కోర్టుకెక్కాల్సిందే. కానీ రోడ్డెక్కిన రోజు ఏం జరిగిందో పొద్దున్నే ఎవడో పత్రికలో తనకి నచ్చినట్టు రాసుకుంటుంటే, మా రాత ఇదిగో అని చూపించడానికి ఒక చోటుండాలి. మన ముత్తాతల రెక్కల కష్టంతో లేచిన లంకలకి కాగితాల్లో ఎవరి పేర్లున్నాయో మనకి తెలుసు. రాసుకోనివాడి కష్టం రాసుకున్నవాడి ఖాతాలో పడుతుంది. ఈసారి అది జరగనివ్వొద్దు.

సంఘాల నాయకులకి ఒక మాట. వచ్చే మీటింగులో దీన్ని ఎజెండాలో పెట్టండి. కంప్యూటర్ తెలిసిన పిల్లలిద్దర్ని పిలవండి, ఊరి సంగతులు తెలిసిన పెద్దల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీలకి పోసే డబ్బులో పదో వంతు పక్కన పెడితే పేరూ, అర అద్దే రెండూ వస్తాయి. జయంతి నాటికి ఒక్క పేజీ ఎక్కించండి. పేట పేరు, దాని కథ, చట్టం గురించి నాలుగు ముక్కలు. మిగతాది నెలకో పేజీ చొప్పున పెరుగుతుంది. కందికుప్ప మొదలుపెడుతుందా, చెయ్యేరు మొదలుపెడుతుందా, పల్లం మొదలుపెడుతుందా చూద్దాం.

జై భీమ్!